నల్ల వడియాల పోరాటం

ఆ సోమవారం ఉదయం జోగమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. మేడ మీదికి వెళ్లి, పాత పంచె పరిచి, తెలగపిండి వడియాలు పెట్టడం. నాలుగు ఎండలు తగిలితే అవి గలగలలాడతాయి. అప్పుడు వాటిని స్టీలు డబ్బాకెత్తి ఎదురింటి విమలమ్మ చేతిలో పెట్టాలి. ఇంతకు మించి ఆమెకు లోకాన్ని ఉద్ధరించే ఆలోచన ఏదీ లేదు.

విమలమ్మ వచ్చే వారం ఆదివారం రాయగడ వెళ్లిపోతోంది. అక్కడ ఆమె కూతురు మిరియం బడిలో టీచరు. చుట్టపుచూపుగా వెళ్లడమైతే జోగమ్మకు ఇంత దిగులు ఉండేది కాదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతోంది. కారణం దగ్గు. దగ్గుకు కారణం రైలు కట్ట అవతల ఉన్న బొగ్గు యార్డు. అక్కడ బొగ్గు కొండల్లా పోసి ఉంటుంది, పైన కప్పు ఉండదు. కంచరపాలెంలోని ఆ వీధిలో పొద్దున తుడిచిన గడప మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి ఎందరికో మందులు అందించిన విమలమ్మకు డాక్టరు చివరికి ఒకటే మందు చెప్పాడు. ఊరు మారమన్నాడు. ఊరిని మార్చడం ఆయన చేతిలో లేదు గనుక మనిషిని మారమన్నాడు.

జోగమ్మకు స్టేషనుకు వెళ్లడమంటే భయం. ఆమె ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపినవాళ్లెవరూ వెళ్లినట్టుగా తిరిగి రాలేదు. తమ్ముడు ఖరగ్‌పూర్ వెళ్లి కార్డుముక్కగా వచ్చాడు. భర్త ఆపరేషనుకని వెల్లూరు వెళ్లి అంబులెన్సులో వచ్చాడు. అందుకని ఎవరు ప్రయాణమైనా ఆమె ఇంట్లోనే ఉండి, తినడానికి ఏదో ఒకటి డబ్బాలో పెట్టి పంపుతుంది. డబ్బా తిరిగివ్వడానికైనా వస్తారని ఆశ. ఇప్పటికి మూడు డబ్బాలు పోయాయి.

తెలగపిండి అంటే గానుగలో నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి. నల్ల నువ్వులదైతే వడియం నల్లగా వస్తుంది. తినడం తెలిసినవాళ్లకు ఆ నలుపే రుచి. జోగమ్మ వడియాలు పెట్టిన వెంటనే వాటి మీద పల్చటి నైలాన్ చీర కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. కాకులకూ బొగ్గుకూ అదే అడ్డం. ఆ వీధి మొత్తం మీద బొగ్గు పడని వస్తువేదైనా ఉందంటే ఆ చీర కింది వడియాలే. చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ కథలో ఇంకెవరూ గుర్తుంచుకోరు.

కొన్ని వడియాల అంచులు పగిలినట్టు ఆమెకు అనుమానం వచ్చింది. పిండి పాళ్లలో తేడా ఉందేమో ఊళ్లో ఉన్న ఆడపడుచు అసిరమ్మను అడుగుదామని చీర తొలగించి, ఫోనుతో ఫొటో తీసి పంపింది. ఫోనులో అసిరమ్మ పేరు రెండోది. మొదటి పేరు ఎప్పుడూ ‘కంచరపాలెం స్వచ్ఛ గాలి సాధన సమితి’ గ్రూపుది. రోజంతా అందులో ఎవరో ఒకరు శుభోదయం చెబుతూనే ఉంటారు గనుక అది కిందికి దిగదు. జోగమ్మ వేలు మొదటి పేరు మీద పడింది.

పొరపాటు ఆమెకు వెంటనే తెలిసింది. ఫొటో మీద వేలు నొక్కి పట్టింది. ఫోను ఏదో అడిగింది. మొదట కనిపించిన దాని మీద నొక్కింది. ఫొటో తన ఫోనులోంచి మాయమైంది. తన ఫోనులోంచి పోయింది గనుక లోకంలోంచే పోయిందనుకుని, నిశ్చింతగా చీర కప్పి, కిందికి దిగి కాఫీ పెట్టుకుంది. ఈ హడావుడిలో అసిరమ్మను అడగాలన్న సంగతి మరిచిపోయింది.

ఆ గ్రూపుకు అడ్మిన్ గురునాథరావు. ఒక సహకార సంఘంలో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట గ్రూపు పెట్టి, నాలుగు వందల పన్నెండు మందిని చేర్చి, ప్రతి సభ్యుడూ రోజూ ఎనిమిది లోపు బొగ్గు ధూళికి సంబంధించిన ఒక ‘ఆధారం’ పంపాలని నియమం పెట్టాడు. నియమం బాగానే ఉంది. చిక్కల్లా ఫోన్లతో వచ్చింది. ఈ రోజుల్లో ఫోన్లు ఏది తీసినా అందంగా తీస్తాయి. నల్లబడిన కిటికీని తీస్తే నిన్ననే రంగేసిన కిటికీలా వస్తుంది. దానితో రెండేళ్లుగా పోరాటమంతా గులాబీ పువ్వుల మీద, పుట్టినరోజు శుభాకాంక్షల మీద నడుస్తోంది. ఒక్క గురునాథరావు మాత్రం రోజూ తన ఇంటి గడపను తీసి పంపేవాడు. దాని మీద ఎవరో చేతులు జోడించే బొమ్మ పెట్టేవారు.

అటువంటి గ్రూపులో ఆ ఉదయం తెల్లటి పంచె మీద బారులు తీరిన నల్లటి వడియాలు ప్రత్యక్షమయ్యాయి.

పది నిమిషాల్లో నూట నలభై మంది కన్నీటి బొమ్మలు పెట్టారు. నోటి కాడి కూడు మీద కూడా బొగ్గు పోస్తారా అని ఒకరు రాశారు. గురునాథరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండేళ్ల నిరీక్షణ ఫలించింది. ఆయన వెంటనే ‘మన వార్డు మన గొంతు’ అనే యాప్ తెరిచి ఫిర్యాదు నమోదు చేశాడు. ఆ యాప్‌లో పౌరుల సమస్యలు ఐదే ఐదు రకాలు. కుక్కలు, దీపాలు, కాలువలు, గుంతలు, చెత్త. గాలి అన్న సమస్య పౌరులకు వస్తుందని యాప్ కట్టినవాళ్లు ఊహించలేదు. గురునాథరావు బాగా ఆలోచించి, ఉన్నవాటిలో దగ్గరగా ఉందని ‘చెత్త’ ఎంచుకున్నాడు. చిరునామా జోగమ్మ మేడ.

మంగళవారం పొద్దున్నే చెత్త తీసే కాశమ్మ తోపుడు బండి గుమ్మం ముందు ఆపి, చీపురూ గంపా పట్టుకుని మేడెక్కింది. వెనకాలే జోగమ్మ ఎక్కింది.

“మేడ మీద నల్ల సెత్త పోగుందని కంప్లయింటమ్మా. ఎక్కడున్నాది?” అంది కాశమ్మ.

“సెత్తేటి? వొడియాలే అవి.”

కాశమ్మ చీర ఎత్తి చూసింది. వంగి వాసన చూసింది. గంప కింద పెట్టి అక్కడే చతికిలబడింది. “తెలగపిండే. మాయమ్మ పెట్టేది. ఎన్నాళ్లయినాదో సూసి” అంది.

ఈ కథలో ఆ వస్తువును చూడగానే సరిగ్గా గుర్తుపట్టిన ప్రభుత్వ ప్రతినిధి ఆమె ఒక్కతే. కాని గుర్తుపట్టడం ఆమె ఉద్యోగం కాదు. ఇరవై నాలుగు గంటల్లో చెత్త తీసినట్టు ఫొటో పెట్టకపోతే మెమో ఇస్తారు. చెత్త లేదని చెప్పడానికి యాప్‌లో వీలు లేదు, తీసేశామని చెప్పడానికే ఉంది. చివరికి జోగమ్మ వడియాలున్న పంచెను ఒక పక్కకు జరిపింది. ఖాళీ అయిన చోటును కాశమ్మ ఫొటో తీసింది. సగం ఎండిన వడియాలు గుప్పెడు కాగితంలో పొట్లం కట్టించుకుని వెళ్లిపోయింది. గురునాథరావు ఫోను మోగింది. మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగింది.

గురునాథరావు నక్షత్రాలు ఇవ్వలేదు. ఒక పేదరాలి మేడ మీది ఆధారాలను రాత్రికి రాత్రి ధ్వంసం చేశారని గ్రూపులో లావు అక్షరాలతో ప్రకటించాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చిన కాశమ్మ రాత్రికి రాత్రి ఎలా అయిందో ఎవరూ అడగలేదు.

ఆ ప్రకటన పక్క సందులో ఉండే దేవిశ్రీ చూసింది. దేవిశ్రీ డిగ్రీ చదువుతూ, ఏ బండి దగ్గర ఏ టిఫిను బాగుంటుందో చిన్న చిన్న రీల్స్ చేసి పెడుతుంది. అప్పటివరకు ఇడ్లీకి ఇచ్చిన కష్టాన్ని ఆమె ఈసారి వడియానికి ఇచ్చింది. ఫొటోను మరికాస్త నల్లబరిచింది. వెనక వేణువు పెట్టింది. జోగమ్మ ముఖం కావలసి వచ్చి, వీధిలో జరిగిన ఒక పెళ్లి ఫొటో వెతికి, అప్పగింతల వేళ వెక్కి వెక్కి ఏడుస్తున్న జోగమ్మను కత్తిరించి అతికించింది. అప్పగింతల్లో జోగమ్మ ఎవరి పిల్లకైనా అలాగే ఏడుస్తుంది. చూసినవాళ్లకు మాత్రం అది వడియాల దుఃఖంగానే కనిపించింది.

బుధవారం సాయంత్రానికి ఆ రీల్‌ను రెండు లక్షల మంది చూశారు. విశాఖలో పేదలు బొగ్గు తిని బతుకుతున్నారని బెంగళూరులో ఒకాయన ఆన్‌లైన్‌లో ముప్ఫై ముక్కలుగా వ్యాసం రాశాడు. ఈ బొగ్గు బిళ్లలు టన్ను ఏ ధరకు ఇస్తారని లుధియానా నుంచి ఒక వ్యాపారి అడిగాడు. యార్డు మీద కప్పు వేయాలని ఎవరో ఆన్‌లైన్ వినతిపత్రం పెడితే గురువారానికల్లా ముప్ఫై ఒక్క వేల సంతకాలు పడ్డాయి. వాటిలో కంచరపాలెంవి పంతొమ్మిది. మిగతా కంచరపాలెం వాళ్లకు ఓటీపీ రాలేదు.

గురువారం దేవిశ్రీ స్వయంగా వచ్చి రీల్ చూపించే వరకు జోగమ్మకు ఇదేమీ తెలియదు. తన ఏడుపు ముఖాన్ని వేణువుతో సహా రెండుసార్లు చూసుకుంది. ముప్ఫై ఒక్క వేల మందిని మోసం చేశానన్న భయంతో, పోలీసులు ఏ పూట వస్తారో అన్న దిగులుతో, నిజం చెప్పేద్దామని గురునాథరావు ఇంటికి వెళ్లింది. ఆయన రెండు ఫోన్లు ముందు పెట్టుకుని, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పనిలో మునిగి ఉన్నాడు.

“గురునాథం బావూ, ఆ వొడియాలు…” అని మొదలుపెట్టింది.

“మీ వడియాలు చరిత్ర సృష్టిస్తన్నాయి జోగమ్మగారూ. కూకోండి. యార్డు మీద కప్పు వెయ్యమని దేశమంతా అడుగుతోంది.”

“కప్పేత్తారా?”

“వెయ్యక ఏం చేస్తారు. రేపే ఆఫీసర్లొస్తన్నారు.”

“కప్పేత్తే దుమ్ము ఆగిపోద్దా?”

“పూర్తిగా.”

జోగమ్మ కాసేపు చీర చెంగు వేలికి చుట్టుకుంది. “దగ్గు?” అంది.

“దుమ్ము లేకపోతే దగ్గెక్కడిదండీ? అదీ ఆగుద్ది.” ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “ఇంతకీ వడియాల గురించి ఏదో చెప్పబోయారు.”

“ఏటీ నేదు బావూ. బాగా నల్లగున్నాయని.”

ఇంటికి వచ్చేదారిలో ఆమె లెక్క సులువుగానే తేల్చుకుంది. కప్పు పడితే దుమ్ము ఆగుతుంది, దుమ్ము ఆగితే దగ్గు ఆగుతుంది, దగ్గు ఆగితే రాయగడ రైలెక్కాల్సిన పని లేదు. మధ్యలో ఒక వడియం అబద్ధమాడితే దేవుడు మరీ అంత పట్టించుకోడు. అయినా అబద్ధం ఆడింది ఫొటో. ఆమె నోరు తెరవలేదు, అంతే.

ఆ సాయంత్రం అరుగు మీద విమలమ్మ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ముఖం చూడలేకపోయింది. విమలమ్మ సామాన్లు ఒక్కొక్కటే కట్టుకుంటోంది. మధ్యలో దగ్గు తెర వచ్చినప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది.

“ఈ ఏడు నీ వడియాలు మరీ నల్లగా వచ్చాయంటన్నారు అందరూ” అంది విమలమ్మ, ఎటో చూస్తూ.

“దుమ్మప్పా.”

“అవును. దుమ్మే” అని విమలమ్మ మళ్లీ దగ్గింది.

శుక్రవారం గాలి పరీక్షల ఆఫీసు నుంచి జ్యోతిర్మయి అనే ఇంజనీరు వచ్చింది. ఆమె వెంట యార్డు మేనేజరు అర్జునరావు, తెల్ల చొక్కాతో. ఆయన కారు దిగి మేడ మీదికి చేరేసరికి ఆ చొక్కా తెలుపు అనడానికి వీల్లేకుండా అయింది. ఆ సంగతి ఎవరూ రాసుకోలేదు.

జోగమ్మ అప్పటికే అసలైన ఆధారాలు సిద్ధం చేసి పెట్టుకుంది. కిటికీ ఊచల మీది బొగ్గు గ్లాసులో ఎత్తింది. ఇల్లు తుడిచిన గుడ్డ పిండకుండా ఉంచింది. విమలమ్మ దగ్గిన రుమాలు కూడా అడిగి తెచ్చింది. వడియాలు వదిలేసి ఇవి తీసుకెళ్లమని బతిమాలింది. జ్యోతిర్మయి మంచి పిల్లే. గ్లాసు చేతిలోకి తీసుకుని చూసింది, రుమాలు మడిచి తిరిగిచ్చింది. తరువాత నిట్టూర్చింది.

“అమ్మా, కంప్లయింటులో ఉన్నది వడియాలు. ఫొటోలో ఉన్నదే శాంపిల్ తియ్యాలి. కిటికీ నా సిస్టమ్‌లో లేదు” అని, చేతిలోని ట్యాబ్ మీద పేరుకున్న నల్లటి పొరను చున్నీతో తుడిచి ఆ మాటే అందులో రాసుకుంది. వడియాలు నమోదు చేసే లోపల ఆ ట్యాబ్‌ను ఆమె మూడుసార్లు తుడవాల్సి వచ్చింది. చివరికి ఆరు వడియాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, లక్క వేసి, అర్జునరావు చేత సంతకం చేయించి పట్టుకుపోయింది.

మామూలుగా ఇటువంటి పరీక్షకు నెలన్నర పడుతుంది. వడియాలు అప్పటికే ప్రసిద్ధులు గనుక బుధవారానికల్లా నివేదిక వచ్చింది. అది రాగానే అర్జునరావు పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. కంచరపాలెం మేడ మీద సేకరించిన నల్లని పదార్థంలో బొగ్గు ఆనవాళ్లు లేవని, మాంసకృత్తులు, సున్నం, ఇనుము పుష్కలంగా ఉన్నాయని, ఇంత బలవర్ధకమైన పదార్థం మీద ఆందోళన చేయడం శోచనీయమని అందులో ఉంది. ఆటోనగర్ వైపు ఒక గ్రూపులో, కంచరపాలెం మీదే ఎందుకు పడాలి, ఈ దుమ్ము మాకూ కావాలి అని ఎవరో పెట్టారు. వేళాకోళానికే పెట్టి ఉంటారు. దాని మీద కూడా రెండు వందల సంతకాలు పడ్డాయి.

పరీక్షను కొనేశారని గురునాథరావు నిప్పులు చెరిగాడు. అమ్ముడుపోయిన నివేదికను మేడ మెట్ల దగ్గర తగలబెట్టాలని పిలుపునిచ్చాడు. నివేదిక ఫోనులో ఉంది గనుక తగలబెట్టడం కుదరలేదు. అందరూ ఆ రోజుకు ప్రొఫైల్ ఫొటో నల్లగా మార్చుకోవాలని తీర్మానించారు. మార్చుకున్నారు.

గురువారం అసిరమ్మ రంగంలోకి దిగింది. ఆమె ఊళ్లో ఎవరో ఆ రీల్ చూపించారు. ఆమెకు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. రీల్ కింద తన గొంతు రికార్డు చేయించి పెట్టించింది. అది వీధి మొత్తం విన్నది.

“ఒలే జోగీ, తెలగపిండిలో మినప్పిండి తగ్గించీసినావే. అందుకే అంచులు పగిలినాయి. ఈపాలి పిడికెడు ఎక్కువెయ్యి. అయినా వొడియాలు పెట్టి ఏడుత్తావేటే, ఎవులు పోయినారని?”

జోగమ్మ పది రోజుల కిందట అడగబోయిన ప్రశ్నకు అది సరైన జవాబు. పిండి పాళ్లే కారణం. అయితే అప్పటికి ఆ ప్రశ్నే ఎవరికీ గుర్తు లేదు.

గంట తిరక్కుండా గ్రూపులో నాలుగు వందల పన్నెండు మందికి తొంభై ఆరుగురు మిగిలారు. ఫలానావారు వెళ్లిపోయారు, ఫలానావారు వెళ్లిపోయారు అని ఫోను వరసగా చెబుతూనే ఉంది. జోగమ్మ ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. వాళ్లలో సగం మంది ఎవరో ఆమెకు తెలియదు, అయినా మనసుకు కష్టంగా అనిపించింది. కన్నీటి బొమ్మలు పెట్టిన నూట నలభై మందే ఇప్పుడు పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. బెంగళూరు ఆయన తన ముప్ఫై ముక్కలూ తుడిచేసి, తప్పుడు వార్తల ప్రమాదం గురించి నలభై ముక్కలు రాశాడు.

సాయంత్రం గురునాథరావు వచ్చి జోగమ్మ మెట్ల మీద కూర్చున్నాడు. ఆమెను తిడతాడనుకుంది. తిట్టలేదు.

“రెండేళ్లు నా గడప ఫొటో పెట్టాను. ఏడొందల ముప్ఫై ఫొటోలు. అన్నీ నిజం. ఒక్కడు నమ్మలేదు” అన్నాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు అంచున మిగిలిన నల్లటి గీతను వేలితో తుడిచి వెళ్లిపోయాడు.

శుక్రవారం జోగమ్మ ఎదురింటికి వెళ్లింది. గోడల మీద పటాలు తీసేశారు. పటాలున్న చోట్ల గోడ తెల్లగా ఉంది. మిగతా గోడ ఏ రంగో చెప్పడం కష్టం. విమలమ్మ తాడు వేసిన పెట్టె మీద కూర్చుని ఉంది.

“అప్పా, నాను అబద్దమాడినాను.”

“ఎప్పుడు?”

“నోరు తెరవనేదు. అదే అబద్దం. నువ్వు ఎల్లిపోకుండా ఉంటావని.”

విమలమ్మ దగ్గబోయి నవ్వింది, నవ్వబోయి దగ్గింది. “ముప్ఫై ఏళ్లయి నీ తెలగపిండి వడియాలు తింటన్నాను. నాకు తెల్దనుకున్నావా? మొదటి రోజు ఫోన్లో చూడగానే పోల్చాను” అంది.

“మరి సెప్పనేదేటి?”

“నాకు మాత్రం రాయగడ ఎళ్లాలనుందేటే? రోజూ ప్రార్థనలో అడుగుతన్నాను. ప్రభువా, ఈ అబద్దాన్ని క్షమించు, కానీ కప్పు పడేదాకా కాస్త ఆగి క్షమించు అని.”

ఇద్దరూ చాలాసేపు ఆ పెట్టె మీదే కూర్చున్నారు. కప్పు పడలేదు. ఆదివారం మధ్యాహ్నం రైలు. టిక్కెట్టు ఫోనులో వచ్చింది.

శనివారం పొద్దున జోగమ్మ ఇంటి ముందు లారీ ఆగింది. నలుగురు మనుషులు డ్రిల్లింగ్ మిషన్లతో దిగారు. వెనకే జ్యోతిర్మయి దిగింది. అరెస్టు చేయడానికి డ్రిల్లింగ్ మిషను ఎందుకో జోగమ్మకు అర్థం కాలేదు.

సంగతి ఏమిటంటే, ఆ ముప్ఫై ఒక్క వేల సంతకాల వినతిని గురునాథరావు మొదటి ఊపులోనే ‘మన వార్డు మన గొంతు’ యాప్‌లో తన పాత ఫిర్యాదుకు జత చేశాడు, దానితో మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు సిగ్గుతో వెనక్కి తీసుకుందామనుకున్నాడు. ఆ యాప్‌లో ఫిర్యాదు పెట్టడానికి మీట ఉంది, పదిమందికి పంపడానికి ఉంది, వెనక్కి తీసుకోవడానికి లేదు. వడియాలు వడియాలేనని లోకమంతా ఒప్పుకున్నా, ఒక పెద్ద ఆఫీసులో ఒక పెద్ద తెర మీద కంచరపాలెం ఎర్రగా మెరుస్తూనే ఉంది. అది పచ్చబడాలంటే ఫిర్యాదు వచ్చిన చోట ఏదో ఒకటి బిగించాలి. అందుకని గాలి కొలిచే యంత్రం, అంకెలు చూపించే బోర్డుతో సహా, జోగమ్మ మేడ మీద బిగించారు. రెండేళ్లుగా ఆ వీధిలో ఒక దీపం మార్చలేని యంత్రాంగం ఈ పని ఒక పూటలో చేసింది.

యంత్రం నిజం చెప్పే రకం. బిగించగానే మూడు వందల పన్నెండు అంది, ఎర్రటి అంకెల్లో. అంత అంకెలో పిల్లలనూ ముసలివాళ్లనూ బయటికి పంపకూడదని జ్యోతిర్మయి చెప్పింది. ఆ అంకె యాప్‌లో ఎవరు చూసినా కనిపిస్తుంది. మూడు రోజుల కిందటే కంచరపాలెం గాలిలో మాంసకృత్తులున్నాయని సంతకం పెట్టిన అర్జునరావు మధ్యాహ్నానికి పరుగెత్తుకొచ్చాడు.

యార్డు మీద కప్పు వేయాలంటే బోర్డు మీటింగులు జరగాలి, టెండర్లు పిలవాలి, ఏళ్లు పడుతుంది. యంత్రం చుట్టూ గాలి బాగుచేయడానికి ఒక సాయంత్రం చాలు. అర్జునరావు మనుషులు మేడకు మూడు వైపులా పచ్చటి వల కట్టారు. నాలుగు మూలలా నీటి తుంపరలు చిమ్మే గొట్టాలు పెట్టారు. ఇరవై నాలుగు కుండీల్లో మొక్కలు తెచ్చి పేర్చారు. కుళాయి రెండు రోజులకొకసారి వచ్చే ఆ వీధికి, ఆ తుంపర కోసం రోజూ ట్యాంకరు రావడం మొదలైంది. పొద్దుగూకే వేళకు బోర్డు నలభై రెండు చూపించింది, పచ్చటి అంకెల్లో. కట్ట అవతల బొగ్గు కొండలు ఎప్పటిలాగే ఉన్నాయి. గాలి ఎప్పటిలాగే వీస్తోంది. జోగమ్మ మేడ దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం కాళ్లు కడుక్కుని లోపలికి వస్తోంది.

ఆదివారం మిరియం వచ్చింది. సామాను ఆటోలో ఎక్కించింది. జోగమ్మ స్టేషనుకు రానని ముందే చెప్పేసింది. మేడ మీదే ఉండి, అక్కడి నుంచే రైలు కనబడుతుందని చెప్పింది. వడియాల డబ్బా తీసుకోవడానికి విమలమ్మే మెట్లెక్కింది, మూడుసార్లు ఆగి మూడుసార్లు దగ్గి. పైకి వచ్చి, మొక్కల మధ్య ఉన్న నవారు మంచం మీద కూలబడింది.

జోగమ్మ డబ్బా తేవడానికి గదిలోకి వెళ్లింది. వెతకాల్సిన పని లేని డబ్బాను చాలాసేపు వెతికింది. కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేసరికి విమలమ్మ మంచం మీద ఒరిగి నిద్రపోతోంది. జోగమ్మ డబ్బా కింద పెట్టేసింది. వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది, పిల్లి కూతలు లేకుండా, మెత్తగా.

రైలుకు టైమైపోతోందని మిరియం విసుక్కుంటూ పైకి వచ్చింది. వచ్చి అలాగే నిలబడిపోయింది. తల్లి పడుకుని దగ్గకుండా నిద్రపోవడం ఆమె చూసి ఎనిమిది నెలలైంది.

“లేపమంటావేటమ్మా?” అని అడిగింది జోగమ్మ.

మిరియం బోర్డు మీది పచ్చటి అంకె చూసింది. వల అవతల, కట్ట మీద నల్లగా లేస్తున్న పొగ లాంటి ధూళిని చూసింది. కింద ఆటో డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

“వద్దు పిన్నీ. పడుకోనీ. ఆటోలోంచి పెట్టె దించమంటాను” అంది.

మధ్యాహ్నం రైలు కట్ట మీదుగా వెళ్లింది. జోగమ్మ అలవాటు కొద్దీ పెట్టెలు లెక్కపెట్టింది. తనవాళ్లెవరూ లేకుండా వెళ్లిన రైలు కావడం వల్లనో ఏమో, అది చాలా తొందరగా అయిపోయింది. మర్నాడు మిరియం ఒక్కతే బయల్దేరింది. వడియాల డబ్బా ఆమెతో వెళ్లింది. అది నాలుగో డబ్బా.

విమలమ్మ మంచం ఇప్పుడు యంత్రం పక్కనే ఉంది. యాప్‌లో వార్డంతా పచ్చగా ఉంది. అర్జునరావు గారి యార్డుకు పర్యావరణ మిత్ర జ్ఞాపిక వచ్చింది, కట్ట అవతల బొగ్గు కొండలు ఇంకో రెండు పెరిగాయి. తుంపరలో తెలగపిండి ఎండదు గనుక వడియాలు ఈ ఏడాదికి అంతే. గురునాథరావు గ్రూపుకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఆయాసం ఉన్నవాళ్లకు అరగంట, పసిపిల్లల తల్లులకు గంట చొప్పున ఆయన రోజూ అందులో వంతులు ప్రకటిస్తున్నాడు. చెత్త బండి నిలిపి కాశమ్మ కూడా ఒక పది నిమిషాలు వచ్చి కూర్చుంటుంది.

కంచరపాలెంలో ఇప్పుడు మంచి గాలికి కొరత లేదు. చెప్పులు కింద విడిచి, వరసలో వచ్చి, తమ వంతు పీల్చుకుని దిగిపోతే చాలు.